ఇసుక మట్టి కావడానికి ఎన్నేళ్ళు?

మొక్కలు నాటడం మంచిదా కాదా అని అడిగితే మన దేశంలో కాదనేవాడు కనిపించడు. అధికారపక్షం నాటుతుంది, ప్రతిపక్షం నాటుతుంది, బడిపిల్లలచేత నాటిస్తారు, పెళ్ళిళ్ళలో తాంబూలంతోబాటు ఒక మొక్కను చేతిలో పెట్టే మర్యాద కూడా వచ్చింది. ఇంతటి ఏకాభిప్రాయం ఉన్నచోట నోరు విప్పడం కొంచెం సాహసమే. అయినా ఒక్క విషయంలో నాకు పేచీ ఉంది. అది నాటడంతో కాదు, నాటినదాన్ని లెక్కించే పద్ధతితో.

2015లో తెలంగాణలో హరితహారం మొదలైనప్పుడు దాని లక్ష్యం 230 కోట్ల మొక్కలన్నారు. 2019లో ఢిల్లీలో జరిగిన ఎడారీకరణ నిరోధక సదస్సులో మన దేశం 2030 నాటికి 2 కోట్ల 60 లక్షల హెక్టార్ల క్షీణించిన భూమిని పునరుద్ధరిస్తామని మాట ఇచ్చింది. మొదటిది తలల లెక్క, రెండవది విస్తీర్ణపు లెక్క. నిజానికి ఆ సదస్సు నడిపే ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోనే భూమి బాగోగులకు మూడు కొలతలు రాసుకున్నారు: నేలమీది కప్పు, నేల ఉత్పాదకత, మట్టిలోని సేంద్రియ కర్బనం. మొదటి రెండింటినీ ఆకాశంలోని ఉపగ్రహం చూసి చెప్పగలదు. మూడవదానికి మాత్రం ఎవరో ఒకరు గునపం పట్టుకుని వెళ్ళి తవ్వాలి. మన ప్రకటనలలో ఈ మూడవది ఎందుకంత అరుదుగా కనిపిస్తుందో ఊహించడం కష్టం కాదు.

నేను చెప్పదలచుకున్నది ఇది. ఇసుకపర్రగా ఉన్న మెట్టప్రాంతాల్లో మొక్క సాధనం మాత్రమే, సాధించవలసింది మట్టి. మొక్క బతికినంతమాత్రాన మట్టి బాగుపడినట్టు కాదు. అంతకంటె విచిత్రం, కొన్నిచోట్ల మట్టి బాగుపడటం వల్లనే మొక్క చచ్చిపోతుంది. ఈ రెండవ మాట తిరకాసుగా వినిపిస్తుంది కనుక కాస్త వివరంగా చెప్పాలి.

ముందు ఇసుకకూ మట్టికీ ఉన్న తేడా. ఇసుకరేణువుల మధ్య సందులు పెద్దవి. వాన ఎంత కురిసినా కురిసినట్టే కిందికి దిగిపోతుంది, పదును నిలవదు. బంకమట్టి రేణువు అతిసూక్ష్మమైన పలక; దాని మీద ఉండే విద్యుదావేశం పొటాషియం, కాల్షియం వంటి పోషకాలను అంటిపెట్టుకుని ఉంచుతుంది. ఇసుకకు ఆ గుణం దాదాపు లేదు. పోనీ ఆకు రాలి కుళ్ళితే సారం రాదా అంటే, వస్తుంది కాని నిలవదు. బంకమట్టి చాటు దొరకని సేంద్రియపదార్థాన్ని సూక్ష్మజీవులు త్వరత్వరగా తినేసి బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలిపేస్తాయి. ఎండ ఎక్కువైన దేశాల్లో ఇది మరీ తొందరగా జరుగుతుంది. మన రైతులు ఈ రసాయనశాస్త్రం ఏదీ చదవకుండానే వేసవిలో చెరువు ఎండినప్పుడు పూడికమట్టిని బండ్లకెత్తి దుబ్బనేలలకు తోలేవారు. అది ఎరువు కోసమని చాలామంది అనుకుంటారు. ఎరువు సగం సంగతే. మిగతా సగం, ఆ మెత్తటి ఒండ్రు ఇసుకకు నీటినీ సారాన్నీ పట్టి ఉంచే చేతులను ఇస్తుంది.

ఇసుకకున్న మరో గుణం, అది కదులుతుంది. గాలికి ఒక రేణువు లేచి, గెంతి, పడినచోట మరికొన్ని రేణువులను లేపుతుంది. ఈ గెంతులాటలో చాలాభాగం మోకాలెత్తు లోపలే జరుగుతుంది. నర్సరీనుంచి తెచ్చి పెట్టిన లేతమొక్కకు కాండమూ ఆకులూ ఉండేది సరిగ్గా ఆ ఎత్తులోనే. గరుకుకాగితం పెట్టి రుద్దినట్టు ఇసుక దాన్ని గీరేస్తుంది, లేదా పూడ్చేస్తుంది, లేదా వేళ్ళ కిందనుంచి జారిపోతుంది. అందుచేత కదిలే ఇసుకలో మొదట కావలసింది ఎత్తైన చెట్టు కాదు, మోకాలెత్తు అడ్డం.

ఇదంతా దూరదేశపు ఎడారుల కథ అనుకోనక్కరలేదు. అనంతపురం జిల్లాలో రాయదుర్గం దాటి కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల వైపు వెళితే వేదవతి నది వస్తుంది. అక్కడివారు హగరి అంటారు. కర్ణాటకలో చిత్రదుర్గం సీమనుంచి వచ్చి బళ్ళారి మీదుగా పోయి తుంగభద్రలో కలిసే నది. 1907 నాటికే ఎగువన వాణీవిలాససాగరం కట్టారు. ఆ తరువాత అరవైలలో ఇటువైపు భైరవానితిప్ప వచ్చింది. ఇప్పుడా నదిలో నీరు పారే రోజులు తక్కువ. ఎండిన ఏటిగర్భంలో మిగిలింది ఇసుక. జూన్‌నుంచి ఆగస్టు వరకు నైరుతి గాలులు దేశానికంతటికీ మబ్బులను మోసుకొస్తే, హగరి తూర్పు ఒడ్డుకు మాత్రం ముందుగా ఇసుకను మోసుకొస్తాయి. దర్గాహొన్నూరు, గోవిందవాడ వంటి ఊళ్ళ పొలాల్లో మేటలు వేసిన దిబ్బల ఫొటోలు చూసి రాజస్థాన్ అనుకునేవారున్నారు. జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ వేసిన చేను మీద ఇసుక పరుచుకుంటే ఆ రైతుకు పోయేది ఒక పంట కాదు, పొలమే.

ఇలాంటి చోట పచ్చదనం తిరిగి తెస్తే మట్టికి ఏమవుతుంది? దీనికి జవాబు రెండేళ్ళ ప్రాజెక్టు నివేదికల్లో దొరకదు. ఒకసారి నాటి, తరువాత యాభై అరవై ఏళ్ళు అదే నేలను తవ్వి చూస్తూ కూర్చున్నవాళ్ళు ఉండాలి. అటువంటి ఓపికమంతులు చైనాలో ఉన్నారు.

చైనా వాయవ్యాన నింగ్షియా ప్రాంతంలో, టెంగర్ ఎడారి పసుపునదిని తాకే అంచున షపొతౌ అనే చోటు ఉంది. బావ్‌తౌ నుంచి లాన్‌జౌకు వేసి 1958లో ప్రారంభించిన రైలుమార్గం ఆ దిబ్బల మధ్యనుంచే పోవాలి. పట్టాలు వేయడం ఒక ఎత్తు, వేసిన పట్టాలు ఇసుకలో మునగకుండా చూడటం మరొక ఎత్తు. 1956 ప్రాంతంలో అక్కడ మొదలుపెట్టిన ఉపాయం చూడటానికి చాలా సాదాసీదాగా ఉంటుంది. గోధుమగడ్డిని ఇసుక మీద మీటరు పొడవు, మీటరు వెడల్పు గళ్ళుగా పరుస్తారు. పారతో ఆ గడ్డి నడుమ నొక్కుతారు. సగం ఇసుకలోకి దిగి, సగం జానెడుకు లోపుగా పైకి నిలబడుతుంది. దిబ్బమీద గళ్ళముగ్గు వేసినట్టుంటుంది. గాలి ఆ ముగ్గు మీదుగా వెళ్ళేటప్పుడు నేలను అంటిన పొరలో దాని బలం తగ్గుతుంది, గెంతులాట ఆగుతుంది. గడ్డి కుళ్ళిపోవడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. ఆ వ్యవధిలో గళ్ళలో నాటిన ఎడారి పొదలు వేళ్ళు పట్టాలి. నాటినవి కరగానా, హెడిసారం, ఆర్టెమీసియా జాతులు. నీరు పెట్టలేదు. అక్కడ కురిసేది ఏడాదికి 180 మిల్లీమీటర్ల పైచిలుకు. భూగర్భజలం ఏ వేరుకూ అందనంత లోతున ఉంది.

పొదలు పట్టాయి. రైలు ఆగలేదు. సాధారణంగా విజయగాథలు ఇక్కడ ముగుస్తాయి, అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

గాలి నెమ్మదించినచోట దానిలోని సన్నని దుమ్ము కిందికి దిగుతుంది. ఎక్కడెక్కడినుంచో వచ్చిన ఒండ్రు, బంక రేణువులు ఏడాదికేడాది ఇసుకమీద పలచగా పేరుకున్నాయి. మనవాళ్ళు బండ్లమీద తోలిన చెరువుమట్టిని అక్కడ గాలే ఉచితంగా తోలిందన్నమాట. ఆ దుమ్ము మీద మొదట సయనోబాక్టీరియా అనే నీలాకుపచ్చ సూక్ష్మజీవులు చేరాయి. వాటి తంతువులు, అవి స్రవించే జిగురు రేణువులను ఒకదానికొకటి కుట్టేశాయి. తరువాత శైవలాలు, లైకెన్లు, చివరకు నాచు. నల్లగా, గరుకుగా, వేలితో ఎత్తితే అప్పచ్చిలా పెళ్ళగా లేచే ఈ పొరను జీవపు పెంకు అనవచ్చు. దీనిలో ఉండే కొన్ని జీవులు గాలిలోని నత్రజనిని మట్టిలోకి దింపుతాయి. పొదల కింద రాలిన ఆకు, చచ్చిన వేరు, వాటిని తినడానికి వచ్చిన చీమలు, పురుగులు అన్నీ కలిసి పైపొరలో కర్బనం పెరిగింది. ఒకప్పుడు ఉట్టి ఇసుకగా ఉన్నచోట మట్టి అనదగినదొకటి పుట్టింది.

ఎంత మట్టి? అర్ధశతాబ్ది తరువాత కూడా స్పష్టమైన మార్పు కనిపించింది ప్రధానంగా పైనున్న కొద్ది సెంటీమీటర్లలోనే. దగ్గరలో చెడకుండా మిగిలిన సహజమైన గడ్డినేలతో పోల్చి లెక్కవేసినప్పుడు, కొన్ని లక్షణాలు ఆ స్థాయికి చేరడానికి కొన్ని దశాబ్దాలు చాలుననీ, మరికొన్నింటికి నూరేళ్ళు దాటి ఇంకా కావాలనీ తేలింది. పచ్చదనం పదేళ్ళలో వచ్చింది, మట్టి మాత్రం తన పద్ధతిలో తాను వస్తోంది.

ఇక తిరకాసు సంగతి. ఉట్టి ఇసుక మీద కురిసిన వాన చకచకా లోతుకు దిగిపోయేది. ఆవిరి కాకుండా అక్కడ దాక్కునేది, లోతువేళ్ళ పొదలు దాన్ని తాగి బతికేవి. పైన జీవపు పెంకు, దాని కింద మెత్తటి మట్టి ఏర్పడ్డాక చిన్న చిన్న జల్లులు ఆ పైపొరలోనే ఆగిపోసాగాయి. పైమట్టికి పదును వచ్చింది, కిందిది ఎండింది. దానికి తోడు, ఉన్న లోతుతేమను పొదలు అప్పటికే తోడేశాయి. దానితో ఒక దశలో నేలలో మూడోవంతును కప్పిన పొదలు క్రమంగా సన్నగిల్లి పదోవంతుకు వచ్చేశాయి. వాటి స్థానంలో పైపదునుతో బతికే గడ్డిగాదరా, ఏడాది మొక్కలూ వచ్చాయి. అంటే పొదలు తాము బాగుచేసిన మట్టి మూలంగానే తాము ఖాళీచేసి వెళ్ళవలసి వచ్చింది. పిల్లలకు ఇల్లు కట్టి ఇచ్చి తాము పంచలోకి మారే పెద్దవాళ్ళవంటివి ఈ మొదటితరం పొదలు.

ఇప్పుడు మన తనిఖీ అధికారిని అక్కడికి పంపామనుకోండి. పదిహేనో ఏట వెళితే పొదల్ని లెక్కపెట్టి ఘనవిజయం అని రాస్తాడు. నలభయ్యో ఏట వెళితే సగానికి పైగా చచ్చాయి, పథకం విఫలం, మళ్ళీ నాటించండి అని రాస్తాడు. రెండుసార్లూ అతడు చూసింది పొదనే. రెండవసారి అతడి మాట విని గుంతలు తీయించి ఉంటే ముప్పై ఏళ్ళుగా అల్లుకున్న పెంకు పగిలి ఇసుక మళ్ళీ లేచేది. మన దేశంలో ఇలాంటి గుంతలు ఎన్ని తీశారో!

మళ్ళీ చైనాలోనే దీనికి విరుద్ధమైన ఉదాహరణ ఒకటుంది, అది మనకు ఇంకా దగ్గర. ఈశాన్యాన హోర్చిన్ ఇసుకప్రాంతంలో, లియావ్‌నింగ్ రాష్ట్రపు ఝాంగ్‌గుతాయ్ అనే చోట 1950లలో మంగోలియా పైన్ చెట్లను నాటడం మొదలుపెట్టారు. ఏపుగా పెరిగాయి. దానిని ఆదర్శంగా చూపి ఇతర ఇసుకనేలల్లోనూ అదే చెట్టును వేశారు. 1990లు వచ్చేసరికి మొదట నాటిన తోపుల్లో చెట్లు పైనుంచి ఎండుతూ చావసాగాయి. వాటి వయసప్పటికి నలభై లోపే. సహజమైన అడవిలో అయితే ఆ చెట్టు నూరేళ్ళు దాటి బతుకుతుంది. తోపు దట్టమై, వచ్చే వానకంటె చెట్లు ఖర్చుచేసే నీరు ఎక్కువ కావడాన్ని ముఖ్యకారణంగా చెబుతారు. అక్కడి వర్షపాతం ఇంచుమించు అనంతపురం పాటిది. పైగా అది చలిదేశం. మన ఎండకు అదే వాన ఇంకా తొందరగా ఆవిరైపోతుంది. అందుకని హగరి ఒడ్డున దట్టమైన అడవి పెంచుతామనేవారు ముందుగా నీటి జమాఖర్చు చూపించాలని నేనంటాను.

కోస్తాలో ఇసుకమీద సరుగుడు తోపులు చక్కగా పెరగడం లేదా అని ఎవరైనా అడగవచ్చు. పెరుగుతున్నాయి. ఆ ఇసుకలో నాలుగు మూరలు తవ్వితే చెలమలో నీరు ఊరుతుంది. రెండుచోట్లా ఇసుకే కదా అని ఒకే మందు రాయడం మంచి వైద్యం కాదు.

ఏ చెట్టు అన్న ప్రశ్నకు వస్తే మనకు చరిత్ర ఒక మంచి జంటను చేతిలో పెట్టింది. ఒకటి జమ్మి. రాజస్థానీలు దీన్ని ఖేజ్డీ అంటారు. తెలంగాణకూ రాజస్థాన్‌కూ ఇదే రాష్ట్రవృక్షం. మనం దసరానాడు ఒక్కసారి ప్రదక్షిణం చేసి ఆకు తెచ్చుకుంటాం. థార్ రైతు దాన్ని సజ్జచేలోనే నిలుపుకుంటాడు. దీని నీడ పలచన, వేరు లోతు. ఆకు మేతకు, కొమ్మ వంటచెరకుకు, కాయ కూరకు. దీని కింది మట్టిలో బయటి మట్టికంటె సేంద్రియపదార్థమూ నత్రజనీ ఎక్కువ ఉంటాయని, దాని కింద పంట తగ్గకపోగా పెరుగుతుందని జోధ్‌పూర్‌లోని కేంద్రీయ మెట్టప్రాంత పరిశోధన సంస్థ (1952లో ఎడారి వనీకరణ కేంద్రంగా మొదలై 1959లో ఈ రూపు దాల్చింది) దశాబ్దాలుగా చెబుతూ వచ్చింది.

రెండవది దాని సవతి చెల్లెలు, సర్కారు తుమ్మ. వృక్షశాస్త్రంలో రెండింటినీ చాలాకాలం ఒకే ప్రజాతిగా లెక్కించారు. అమెరికా ఖండపు ఈ మొక్క విత్తనాలను 1877లో మన కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటారని అటవీచరిత్రలో ఉంది. తెచ్చిన ఉద్దేశం మంచిదే: మోడువారిన మెట్టకు పచ్చదనం, పేదలకు వంటచెరకు. 1960ల మొదట్లో గుజరాత్‌లో కచ్ రణ్ ఉప్పును ఆపడానికి బన్నీ గడ్డిమైదానపు అంచున కూడా దీన్నే నాటారు. తరువాత అది ఆ మైదానంలో ఎంతమేర ఆక్రమించిందో అక్కడి మాల్ధారీ పశుపాలకులను అడగాలి. ఇక్కడొక చిక్కుంది, దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. సర్కారు తుమ్మ కింది మట్టిని ప్రయోగశాలకు పంపితే మంచి మార్కులే వస్తాయి. కర్బనం పెరుగుతుంది, నత్రజని పెరుగుతుంది, చౌడునేలను సైతం కొంత సరిచేస్తుంది. కాని ఆ సారవంతమైన మట్టిలో, ఆ చెట్టు కింద, మరో గడ్డిపరక మొలవడం కష్టం. ఎవరికీ పనికిరాకుండా పెట్టెలో దాచిన సొమ్మువంటి సారమది. కాబట్టి మట్టి ఆరోగ్యమంటే కర్బనం శాతం ఒక్కటే అన్నా నేను ఒప్పుకోను. ఆ మట్టిలో ఇంకేమి మొలవగలదు, వాననీరు ఏ లోతుదాకా పోతోంది, నేల గాలికి కదలకుండా ఉందా, ఇవన్నీ కలిపి చూడాలి.

మరి హగరి ఒడ్డున ఏం చేయాలి? నా లెక్కలో చెట్టు చివర వస్తుంది. ముందు గాలికి అడ్డంగా వరుసలు. గోధుమగడ్డి మనకు లేకపోతే కందికట్టె ఉంది, రెల్లు ఉంది, సర్కారు తుమ్మ కంప ఉండనే ఉంది (దానికి ఇంతకంటె మంచి ఉద్యోగం లేదు). ఆ చాటున వెంపలి, తంగేడు, నేలరేగు, అంజన్ గడ్డి. వెంపలి గురించి ఒక మాట: దాన్ని కలుపుమొక్కగా పీకేసేవాళ్ళం మనం, కాని అది ఇసుకలో కూడా నత్రజనిని స్థిరపరిచే మొక్క, పూర్వం పచ్చిరొట్టగా దుక్కిలో కలిపేవారు. ఇవి కుదురుకున్నాక దూరదూరంగా జమ్మి, వేప. దిబ్బ అంతటినీ కప్పాలన్న తాపత్రయం వద్దు, ఖాళీ స్థలం పొదకు నీటి పెరడు. నాటిన మర్నాటినుంచి మేకల మందనూ ట్రాక్టరు చక్రాన్నీ ఆపాలి. జీవపు పెంకు ఒక్కసారి గిట్టల కింద పగిలితే మళ్ళీ అల్లుకోవడానికి ఏళ్ళు పడుతుంది. అయిదేళ్ళకొకసారి అదే గుర్తుల దగ్గర తవ్వి, పైన నాలుగు వేళ్ళ లోతులో కర్బనమెంత, నిలువులోతులో తేమ ఎంత అన్న రెండే రెండు అంకెలను మొక్కల అంకె పక్కన అచ్చువేయాలి. కిందితేమ పడిపోతుంటే చెట్లు ఎక్కువైనట్టు. అప్పుడు నాటడం కాదు, పలుచన చేయడం పని.

వీటన్నిటికంటె కష్టమైనది మరొకటుంది. ఇసుక మేటవేసేది బంజరు మీదనే కాదు, పట్టాభూముల మీద కూడా. రైతుకు నూరేళ్ళ మట్టికథ చెబితే వినే తీరిక ఉండదు; పొక్లెయిను తెచ్చి దిబ్బను చదునుచేయించి, బోరు వేసి, ఈ ఏడే పంట తీయాలని చూస్తాడు. అతడిని తప్పుపట్టను. చదును చేసిన ఇసుక మరుసటి ఆషాఢపు గాలికి పక్కవాడి చేనులోకి పోతుందని అతడికీ తెలుసు. ఇసుక ఆగడం మాత్రం నూరేళ్ళ పని కాదు. అడ్డు సరిగా కడితే మొదటి రెండు మూడు గాలికాలాల్లోనే ఫలితం కనిపిస్తుంది, లాభం అతడికొక్కడికే కాదు, గాలివాటున ఉన్న ఊరంతటికీ. అలాంటప్పుడు ఆ పొలాన్ని దున్నకుండా, మేపకుండా పడావు పెట్టినన్నాళ్ళూ ఎకరానికి ఇంతని కౌలు ప్రభుత్వం కట్టాలి. మొక్కకు ఇంత అని గుత్తేదారుకు చెల్లించే డబ్బులో ఒక భాగం చాలు దీనికి. గుత్తేదారు నాటిన రోజున లెక్క అప్పజెప్పి వెళ్ళిపోతాడు. రైతు అయితే కౌలు అందినన్నాళ్ళూ, మేకల కాపరి ఏ గట్టు దాటి వస్తున్నాడో చూసుకుంటూ అక్కడే ఉంటాడు.